కెజియా వంతు

శాలిబండ, హైదరాబాదు,
19 అక్టోబరు 2025, ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన మరదలు హెప్సిబాకు,

మనిద్దరినీ ఒక ఇంటివాళ్లను చేసిన దేవుని పేరిట నీ వదిన లావణ్య రాసే వందనాలు. ఇక్కడ నేనూ మీ అన్నయ్య ఆనందరావుగారూ క్షేమంగా ఉన్నాం. ఆయన చెవి ఇంకొంచెం మందగించింది. దాన్ని కూడా క్షేమం కిందే వేసుకోవచ్చు, నా సణుగుడు ఆయన దాకా చేరడం మానేసింది కాబట్టి. అక్కడ నువ్వు, మీ ఆయన ఇస్సాకు అన్నయ్య, మన నందుగాడు చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నీ పక్కన మీ ఆయన ఉంటాడు, నా పక్కన మా ఆయన ఉంటాడు. ఇది వాళ్ల ముందు మాట్లాడే సంగతి కాదు. అందుకని కాగితం మీద రాసి ఫొటోలు తీసి పంపుతున్నాను. మీ ఊళ్లో నెట్ కరుణించినప్పుడు ఒక్కదానివే కూర్చుని చదువుకో.

దసరాకు ముందు నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌కు నేను ఇంతవరకూ జవాబు ఇవ్వలేదు. పెళ్లిళ్ల సీజన్, పెళ్లికూతుళ్ల ఖడా దుపట్టాలకు జరీ అంచు కుట్టే పని నెత్తి మీద ఉందని చెప్పి తప్పించుకున్నాను. పని ఉన్నమాట నిజమే, తప్పించుకున్నమాట కూడా నిజమే. నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న. వదినా, సాయంత్రం వాక్యం చదివేటప్పుడు కెజియా వంతు దగ్గర దాని గొంతు వినిపిస్తోంది, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అదే చదువుతోంది, మీకూ వినిపిస్తోందా అని. వినిపిస్తోందని నేను అంటే ఆ ఇల్లు వదిలి కదలనన్నావు. సువార్త సంస్థవాళ్లు సరస్సు ఒడ్డున కొత్త ఊరు అప్పగించారు, వానలు పడి దారులు మూసుకుపోకముందే వెళ్లాలి, అక్కడ సిగ్నల్ లేదు, సిగ్నల్ లేని చోటికి నా బిడ్డ ఎట్ల వస్తది అన్నావు. ఆ మాట విని నేను కుట్టు మిషన్ ఆపేశాను.

ఇవాళ జవాబు రాస్తున్నాను. అయితే నీకు తెలిసిన సంగతులు కూడా వరసగా చెప్పనియ్యి. మొదటి కుట్టు నుంచి వస్తే గానీ ముడి ఎక్కడ పడిందో నాకు దొరకదు.

మన ఇంట్లో వాక్యం చదవడం ఎప్పుడూ వరసకు పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్లకు వంతులవారీగా నడిచింది. మీ అన్నయ్యది మొదటి వచనం, నాది రెండోది, ఇస్సాకు అన్నయ్యది మూడోది, నీది నాలుగోది, కెజియాది ఐదోది. మళ్లీ మీ అన్నయ్య అందుకునేవాడు, అట్లా అధ్యాయం అయ్యేదాకా. నందుకు చదువు రాదు కాబట్టి వాడిది ఆమేన్, అదీ ముందే అనేసేవాడు. పై ఇంటి మొహియుద్దీన్ భాయ్ మిఠాయిల మీదికి వెండి వరఖ్ రేకులు కొట్టే సుత్తి చప్పుడు పొద్దుగూకగానే మగ్రిబ్ అజాన్‌తో ఆగేది, మనం చాప పరిచేవాళ్లం. వాళ్ల అమ్మాయి ఉమ్మే హానీ మెట్ల మీద కూర్చుని, మన ప్రార్థన ఎప్పుడైపోతుందా, కెజియా ఎప్పుడు బయటికొస్తుందా అని కాచుకుని ఉండేది.

నిరుడు వానల్లో డెంగీ వచ్చి ఆ ఐదో వంతు ఖాళీ అయింది. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కన్నది నువ్వే, నిజమే, కానీ దానికి జడలు వేసింది నేను. నాకు కడుపు పండలేదని ఎవరైనా జాలిపడితే, నా మేనకోడలు ఉందిగా అని మూతి తిప్పేదాన్ని. సమాధి చేసి వచ్చిన సాయంత్రం మళ్లీ చాప మీద కూర్చున్నాం. నీ వచనం అయ్యాక మీ అన్నయ్య పాపం ఐదోది అందుకోబోయాడు. నువ్వు చెయ్యెత్తి, అది దాని వంతు, ఎవ్వరూ ముట్టుకోవద్దు అన్నావు. ఆ రోజు నుంచి మనం ఐదో వచనం దగ్గర ఆగుతున్నాం. అది చదివేంతసేపు మౌనంగా ఉండి ఆరోదానికి పోతున్నాం.

అప్పటికే మీ ప్రయాణం ఖాయమై ఉంది. క్రిస్మస్ కాగానే సంస్థ పని మీద ఆఫ్రికాకు, ఆ మలావికి వెళ్లిపోయారు. బిడ్డ పోయిన ఇంట్లోంచి పారిపోతున్నారని మన సంఘంలో ఇద్దరు ముగ్గురు అంటే నేను వాళ్లతో పెద్ద లొల్లి పెట్టుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా, నాకూ లోపల అదే అనిపించింది. అయినా వాళ్లు అనకూడదు.

ఫోన్ ఏర్పాటు నువ్వే చేసి పోయావు. ఇక్కడివాళ్లం మా వచనాలు, మీరు అక్కడ మీ వచనాలు చదివితే అధ్యాయం ఒక్కటే అవుతుంది అన్నావు. మీకు మధ్యాహ్నపు ఎండ, మాకు దీపాల వేళ. ఈ ఇంటి సున్నపు గోడల మందానికి మెట్లవైపు కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ రాదు. అందుకని ఫోన్ స్పీకర్ పెట్టి, స్టీలు గ్లాసులో నిలబెట్టి, ఆ కిటికీ గట్టు మీద పెడతాం. గ్లాసులో పెడితే గొంతు పెద్దదవుతుందని కనిపెట్టింది మీ అన్నయ్యే, అయినా ఆయనకు వినబడదు, అది వేరే సంగతి. మీ ఫోన్ స్పీకరేమో పోయింది. నువ్వే చెవికి ఆనించుకుని వింటావు, ఇస్సాకు అన్నయ్య తన వంతు వచ్చినప్పుడు నీ పక్కకు వంగి చదువుతాడు.

మొదటి నెలల్లో నీ మాటలన్నీ నాకు గుర్తే. మక్కపిండి ముద్ద గొంతు దిగడం లేదని, మామిడికాయ తొక్కు సీసా అడుగంటిన రోజు ఏడ్చానని, మంచినీళ్లు ఇవ్వడానికి అక్కడి ఆడవాళ్లు నీ ముందు మోకాళ్ల మీద కూర్చుంటే సిగ్గుతో చచ్చిపోయానని. తర్వాత నువ్వే మోకాళ్ల మీద కూర్చోవడం నేర్చుకున్నావు. చీర మీద వాళ్ల పూల గుడ్డ చుట్టుకుని బోరింగు దగ్గర దిగిన ఫొటో పంపితే, మస్తుగున్నవ్ మరదలా అని రాశాను. వాక్యం చెప్పడానికి ఇస్సాకు అన్నయ్య ఎన్ని గడపలు తొక్కాడో, బాలింతలను చూడడానికి నువ్వు అంతకంటే ఎక్కువ తొక్కావు. భాష రాకపోయినా పసిబిడ్డకు నీళ్లు పోసే చేతికి భాషతో పనేముంది అన్నావు. నాకు అప్పుడు నీ మీద గర్వం కలిగింది.

కానీ ఆ ఊళ్లో ఆడవాళ్లను పేరు పెట్టి పిలవరట, పెద్ద బిడ్డ పేరు చెప్పి ఫలానా అమ్మ అంటారట. నీ పెద్ద బిడ్డ పేరేమిటని అడిగారు, కెజియా అన్నావు. ఉందా లేదా అని వాళ్లు అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఇక పొద్దున లేస్తే ఊరంతా కెజియా అమ్మా, కెజియా అమ్మా. మరి బిడ్డ ఏది అని ఒక ముసలమ్మ అడిగితే ఇంట్లో ఉంది అని చెప్పానని ఒకసారి నాతో అన్నావు. నేను అది నోరు జారిన మాట అనుకున్నాను.

వారం కిందట ఇస్సాకు అన్నయ్య ఫోన్ చేశాడు. మీ అన్నయ్యకు వినబడక ఫోన్ నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం దాటితే హెప్సి ఇల్లు కదుల్తలేదు చెల్లె, బాలింతల దగ్గరికి పోవుడు బంద్ జేసింది, నందు ఆడుకుంట అరిస్తే నోర్మూసుకో అక్క చదవాలె అంటున్నది అని చెప్పాడు. ఐదో వంతు రాంగనే పుస్తకం మీద చూపు పెట్టి రెప్పకొట్టది, పెదవులు కదుల్తయి, ఏందో గొణుగుతది, పిలిస్తే పలకది, ప్రార్థన చేసుకుంటున్నదేమో అని ఊకున్న, ఇప్పుడు భయమైతున్నది అన్నాడు. సరస్సుకు నువ్వు రానంటే తానొక్కడే పోవాలి, లేకపోతే మొత్తం వదులుకుని అందరూ తిరిగి రావాలి. ఆ రెండింట్లో ఏదైనా మా ఇల్లు కూలినట్టే చెల్లె అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నేనూ చెవి పెట్టడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆ మౌనం వచ్చినప్పుడల్లా కొంగు చెవుల మీదుగా కప్పుకుని బిగబట్టుకుని ఉండేదాన్ని. ఇప్పుడు కొంగు తీసేసి విన్నాను. ఫ్యాన్ గరగర, బయట ఆటోల హారన్లు, అంతే. నాకు భయం వేయలేదు హెప్సీ, రోషం వచ్చింది. నీ దగ్గరికి సముద్రం దాటి వచ్చిందట, జడలు వేసిన అత్త దగ్గరికి రాలేదు. అదే వారంలో దారాల డబ్బాలో దాని రిబ్బన్ ఒకటి దొరికింది. ఎన్నోసార్లు బోర్లించి సర్దిన డబ్బా అది. దాన్ని మళ్లీ అందులోనే పెట్టి మూత వేశాను. అప్పటి నుంచి దారం తీయాలంటే ముందు మూత మీద వేలితో తట్టే అలవాటు పట్టుకుంది. ఎందుకు తడుతున్నానో నాకే తెలియదు.

గురువారం సరిగ్గా ప్రార్థన వేళకు కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, గల్లీ కూడా ఒక్క నిమిషం నోరు మూసుకుంది. కొవ్వొత్తి పెట్టుకుని చదువుతున్నాం. నీ నాలుగో వచనం గ్లాసులోంచి వచ్చింది. తర్వాత మన మౌనం. ఆ మౌనంలో వినబడింది. మెల్లగా, వేలు పెట్టుకుని చదువుతున్నట్టు తడుముకుంటూ, మధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, దీర్ఘం వచ్చిన చోట పాటలాగా సాగదీస్తూ. అచ్చం మన కెజియా. నా చేతిలో అగ్గిపెట్టె కింద పడిపోయింది. చివరి మాటలైతే గ్లాసులోంచి వచ్చినట్టున్నాయి, ఇంకా సన్నగా, ఎక్కడో దూరాన్నుంచి. స్టీలు గ్లాసు కదా, మోగిందేమో అనుకున్నాను. మీ అన్నయ్య ఏమీ ఎరగనట్టు ఆరోది అందుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా నేను చాప మీద నుంచి లేవలేదు. తలుపు తీసి మెట్ల వైపు చూడొచ్చు, నాలుగు అడుగులు కూడా లేవు. చూస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. తేలకుండా ఉంటేనే బాగుంటుందని నాకు అనిపించింది. నిన్ను నేను అప్పుడు అర్థం చేసుకున్నాను.

శుక్రవారం మాత్రం మనసు గట్టి చేసుకున్నాను. నా వచనం చదివేసి, చెప్పులు లేకుండా బయటికి వెళ్లి మెట్ల మలుపులో నిలబడ్డాను. కిటికీ కింద మెట్టు మీద ఉమ్మే హానీ కూర్చుని ఉంది. తల మీద దుపట్టా, ఒళ్లో నీలం అట్ట వేదపుస్తకం, జిప్పు ఉన్నది. సమాధి పెట్టెలో బిడ్డ పక్కన పెట్టాలని నువ్వు ఇల్లంతా వెతికి, దొరక్క తల బాదుకున్నావే, అదే. నీ వచనం అయిపోగానే ఆ పిల్ల కిటికీ ఊచల దగ్గరికి జరిగి, గ్లాసు వైపు మొహం పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఫోన్‌కు మాకంటే అదే దగ్గర. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ అయిన పిల్లకు తెలుగు చదవడం నేర్పింది కెజియానే, ఆ మెట్ల మీద, ఆ పుస్తకంలోనే. కెజియా ఆగే చోటే ఆగుతుంది, కెజియా సాగదీసే చోటే సాగదీస్తుంది. దానికి తెలిసిన తెలుగు చదువు అదొక్కటే.

సగంలో నన్ను చూసి పుస్తకం గుండెకు హత్తుకుంది. దావఖానకు పోయే రోజు కెజియా ఇచ్చింది అత్తమ్మా, నేను వచ్చేదాంక నా వంతు నువ్వు చూస్కో అన్నది, గందుకే వస్తున్న అంది. కెజియా పిలిచినట్టే నన్ను అత్తమ్మా అంటుంది అది. నేను అక్కడే మెట్టు మీద కూలబడి దాన్ని పట్టుకుని ఏడ్చాను.

తర్వాత నాకు దాని ఫికర్ పట్టుకుంది. ముస్లింల పిల్ల, చేతిలో మన వేదపుస్తకం, అదీ సువార్త కోసం దేశం దాటిన కుటుంబం వదిలిపోయిన ఇంటి మెట్ల మీద. మేమే ఏదో నేర్పించామని గల్లీలో అనుకుంటే ఇన్నేళ్ల కలిసిమెలిసిన బతుకు ఏమైపోతుంది? శనివారం పొద్దున నేనే పైకి వెళ్లి వాళ్లమ్మ జహీరా ఆపాకు చెప్పేశాను. ఆపా ఉల్లిగడ్డలు కోస్తూ కోస్తూ విని, నాకెర్కనే లావణ్యా, గది అమానత్, దోస్తు నమ్మి చేతుల పెట్టి పోయింది, అడిగేటోళ్లు వచ్చి అడిగేదాంక కాపాడాలె, అండ్ల లొల్లేముంది అంది. కళ్లు తుడుచుకుని తప్పు ఉల్లిగడ్డల మీదికి తోసింది. నేను కూడా ఉల్లిగడ్డలనే అన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. అవును హెప్సీ, మాకూ వినిపించింది. అయితే అది చదివింది కెజియా కాదు, శాలిబండ మెట్ల మీద ఉమ్మే హానీ. ఈ వాక్యం రాసిన కాగితాన్ని రెండుసార్లు చింపేశాను. నీకు మిగిలిన ఆ ఒక్క గొంతునూ లాక్కుంటున్నానని నాకు తెలుసు. వినిపిస్తోంది అని ఊరుకుంటే నువ్వు ఆ ఇంట్లో ఫోన్ పట్టుకుని సంతోషంగానే ఉంటావు. కానీ లేని అక్క కోసం నందు నోరు మూసుకుని పెరుగుతాడు. పోయినదాన్ని నేను పట్టుకోలేకపోయాను, ఉన్నవాడినైనా అరవనియ్యి.

సరస్సు ఒడ్డుకు వెళ్లు. అక్కడ కూడా నిన్ను ఏదో ఒక బిడ్డ పేరుతోనే పిలుస్తారు. కెజియా అమ్మ అని పిలవనియ్యి, కానీ బిడ్డ ఎక్కడుందని అడిగితే ఉన్నమాట చెప్పు. ఫోన్ లేకపోయినా మీ వచనాలు అక్కడ చదవండి, మా వచనాలు ఇక్కడ చదువుతాం. ఐదోది ఇక్కడ ఎవరు చదువుతారో నీకు తెలుసు. అధ్యాయం అట్లా కూడా పూర్తవుతుంది.

నందుకు ముద్దులు. అన్నయ్యకు వందనాలు. నా మీద కోపం వస్తే తిట్టి మెసేజ్ పెట్టు, మౌనంగా మాత్రం ఉండకు.

నీ బిడ్డకు జడలు వేసిన చేతులతో,
నీ వదిన
లావణ్య

తా.క.

కాగితాలు ఫొటో తీస్తుండగా ఉమ్మే హానీ వచ్చింది, వాళ్లమ్మ పంపిన ఖట్టీ దాల్ గిన్నెతో. ఇక మెట్ల మీద ఎందుకు, లోపల మా చాప మీద కూర్చుని ఐదో వచనం మొత్తం గట్టిగా చదువు అని చెప్పాను. పిల్ల బెదిరిపోయింది. మొత్తం నేనెట్ల చదువుత అత్తమ్మా, సగమే నాది అంది. మెట్ల మీద చదువుకునేటప్పుడు ప్రతి వచనం చెరి సగం చేసుకునేవాళ్లట. ముందు సగం హానీది, వెనక సగం కెజియాది. అందుకని ఇప్పుడూ తన సగం చదివి ఆపేస్తుందట. మరి తక్కిన సగం ఎవరు చదువుతారే అన్నాను. కెజియానే, గ్లాసులకెల్లి, దినాం చదువుతది, గందుకే నేను ఒక్కనాడు గూడ నాగా పెట్టలె అంది.

గిన్నె గట్టు మీద పెట్టేశాను. గురువారం గ్లాసులోంచి వచ్చిన చివరి మాటలు స్టీలు మోత కాదు. ఇస్సాకు అన్నయ్య చెప్పిన పెదవులు గుర్తొచ్చాయి. ఆ గొంతు నీదే హెప్సీ. ముందు సగం విని, వెనక సగం నువ్వే చదువుతున్నావు, నీకు తెలియకుండానే, నీ కూతురి గొంతుతో. దానికి ఆ గొంతు వచ్చింది నీ నుంచే కదా. నువ్వు అక్కడ హానీని విని కెజియా అనుకున్నావు, హానీ ఇక్కడ నిన్ను విని కెజియా అనుకుంది.

వెళ్తూ వెళ్తూ హానీ గడప దగ్గర ఆగింది. అత్తమ్మా, నీగ్గూడ వినిపిస్తదా కెజియా అని అడిగింది. నువ్వు అడిగిన మాటే. నీకైతే కాగితం మీద జవాబు రాశాను. దాని మొహం చూస్తూ చెప్పడానికి నాకు నోరు రాలేదు. సరస్సుకు బయలుదేరే ముందు ఆ సగం చదివేది కెజియా కాదని దానికి నువ్వే చెప్పాలి, నీ సొంత గొంతుతో. రేపు మగ్రిబ్ అయ్యాక గ్లాసు కిటికీలో పెడతాను. హానీని పక్కనే కూర్చోబెట్టుకుంటాను.